గోడకు ఆనించిన బల్ల

సాయంత్రం ఐదుంపావుకు పక్కనున్న పుస్తకాల అంగడిలో బల్లను లాగుతున్న చప్పుడు వినిపించింది. అప్పటికి కొన్ని రోజులుగా గడియారం చూస్తూ కూర్చోవడం తప్ప నాకు వేరే పని లేదు కాబట్టి ముల్లు ఎక్కడుందో ఇప్పటికీ గుర్తుంది. బల్ల వీధి వైపు నుంచి లోపలికి వచ్చింది. రాతినేల మీద రెండుచోట్ల ఆగింది. చివరికి మా గోడకు తగిలి నిలిచింది.

ఆ బల్ల ఎప్పుడూ వీధి వాకిలి దగ్గరే ఉండేది. వెలుతురూ గాలీ అక్కడే ఉన్నాయి. అంగడాయన దాని మీద కూర్చుని చదివితే, వినవచ్చినవాళ్ళు మెట్ల మీదా, లోపల చాపల మీదా సర్దుకునేవాళ్ళు. మా గోడ వైపు పుస్తకాల కట్టలు, పంచాంగాల దొంతరలు ఉండేవి. అది అంగడిలో చీకటి మూల. అక్కడికి బల్లను జరపడానికి ఆయన కట్టలన్నీ తీసి వేరేచోట పెట్టి ఉండాలి. దీపం కూడా మామూలు కంటే ముందే వెలిగించుకోవలసి వచ్చి ఉంటుంది.

ఆయన ఎందుకు జరిపాడో నాకు వెంటనే అర్థమైంది. నేను ఆ పూట అంగడికి పోకూడదు. నా భార్య పోయి అప్పటికి నెల నిండలేదు. కర్మ ముగిసినా, మొదటి మాసికం దాటేదాకా నలుగురు కూడేచోటికి పోకూడదని మా ఇంటి పద్ధతి. ఆ సాయంత్రం అక్కడ చదవబోయేది ఆమె చెప్పిన కథ.

పెద్ద యుద్ధం ముగిసి ఫ్రెంచివాళ్ళు ఏలే మా ఊరి రేవుకు మళ్ళీ ఓడలు సరిగా వస్తున్న రోజులవి. నేను వేరుశనగ ఎగుమతి చేసే ఒక కొట్టులో ఫ్రెంచి ఉత్తరాలు రాసే గుమాస్తాను. కాలువకు తూర్పున దొరల ఇళ్ళు, పడమట మావి. మా వీధిలో తెలుగువాళ్ళ అంగళ్ళు వరసగా ఉండేవి, నూలువీ బట్టలవీ పప్పులవీ. పుస్తకాల అంగడి అన్నిటికంటే చిన్నది. ఒకప్పుడు ఆ అంగడీ మా ఇల్లూ ఒకే ఇల్లు. మా నాయన, చిన్నాయన పంపకాలు చేసుకున్నప్పుడు మధ్య వాకిలిని ఇటుకలతో మూశారు. గాలి కోసం పైన జానెడు సందు వదిలారు. తరువాత చిన్నాయన తన భాగం అమ్మేసి, పిన్నమ్మ పుట్టింటివాళ్ళ పొలాలున్న బాహూరు వైపు వెళ్ళిపోయాడు. కొన్నది ఈ పుస్తకాలాయన. చెన్నపట్నం నుంచి వచ్చే కట్టలను సరిహద్దు చౌకీలో విప్పి చూపించి, మళ్ళీ కట్టించి, బండిమీద తెచ్చుకునేవాడు.

ఆయన అమ్మేది ఎక్కువగా అరవ పుస్తకాలు, పలకలు, పంచాంగాలు. తెలుగు పుస్తకాలకు బీరువాలో ఒక్క అర ఉండేది. కొనేవాళ్ళు తక్కువ. మా ఊరి తెలుగువాళ్ళకు మాట ఇంట్లో వచ్చింది, అక్షరం రాలేదు. బడిలో అరవం, పై చదువుకు ఫ్రెంచి. తెలుగులో కథ తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. అందుకని ఆయన నెలకొక శనివారం అంగడి మూసే వేళకు చదవడం మొదలుపెట్టాడు. మొదట అచ్చుపుస్తకాలే చదివేవాడు. కొన్నాళ్ళకు ఊళ్ళోవాళ్ళు తాము రాసినవి తెచ్చి ఇవ్వసాగారు. రాయలేనివాళ్ళు చెప్పి రాయించుకుని తెచ్చేవాళ్ళు. ఒక పద్యమో పాటో, ఒక కథ. ఇచ్చిన వరసలో చదివేవాడు.

ఆ చదవడానికి ఆయన పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉండేవి. రాసినవాళ్ళు తమది తాము చదవకూడదు. అన్నీ ఆయనే చదువుతాడు. ఎవరు రాశారో ముందు చెప్పడు. విన్నవాళ్ళంతా తమకు తోచింది చెప్పాక అప్పుడు పేరు చెబుతాడు. “బాగుంది” అంటే చెప్పినట్టు కాదు, ఏ ముక్క బాగుందో, ఏది అతకలేదో చెప్పాలి. కోర్టులో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన పద్యాలను, చదవడం పూర్తికాకముందే అందరూ మెచ్చుకోవడం చూసి విసిగి ఆయన ఈ పద్ధతి పెట్టాడని అనేవాళ్ళు. నేను అడగలేదు.

ఆడవాళ్ళు అంగడికి వచ్చి కూర్చోవడం అప్పట్లో లేదు. నా భార్య మా ఇంట్లోనే, ఆ సందు కింద పీట వేసుకుని, చేటలో బియ్యం పెట్టుకుని వినేది. బల్ల వీధి వైపు ఉండడం వల్ల గొంతు సగం వీధిలోకి పోయేది. మనుషులు నెట్టే పూస్‌పూస్ బండి ఒకటి చక్రాలు మోగించుకుంటూ పోతే అంతవరకు ఏమీ వినబడదు. నేను తిరిగి వచ్చాక భోజనాల దగ్గర కూర్చోబెట్టి మధ్యలో పోయినదంతా చెప్పించుకునేది. నేను చెప్పాక, అక్కడ తాను ఏమనుకుందో చెప్పేది. చాలాసార్లు ఆమె అనుకున్నదే మేలుగా ఉండేది. సగం వినడం వల్లనే ఆమెకు కథ చెప్పడం వచ్చిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. మిగతా సగం ఆమె తానే తయారు చేసుకోవలసి వచ్చింది.

ఒకరోజు తన కథ ఒకటి చెబుతాను రాయమంది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు, అరవం చదువుతుంది. నాకు తెలుగు రాయడం మా నాయన నేర్పాడు. ఆమె చెబుతుంటే నేను రాశాను. రాసిన ముక్క చదివి వినిపిస్తుంటే ఒకచోట ఆపింది. “యాడ” అని ఆమె అన్నచోట నేను “ఎక్కడ” అని రాసి ఉన్నాను.

“ఎవురది మాట్లాడేది?” అంది.

నేను కొట్టేసి ఆమె అన్నట్టే రాశాను. ఆ తరువాత ఒక్క మాట మార్చలేదు.

కథ చిన్నది. ఒకే పెరడు పంచుకునే రెండిళ్ళలో ఇద్దరు తోడికోడళ్ళు. పంపకాల నాటి నుంచి వాళ్ళకు మాటల్లేవు. ఇద్దరూ ఒకే బావిలో నీళ్ళు చేదుకోవాలి. చెప్పుకోవలసినవి ఉండనే ఉంటాయి. అందుకని బావిగట్టు మీద పడుకునే తెల్ల పిల్లితో చెప్పేవాళ్ళు. పిల్లీ, రేపు నీళ్ళు నేను ముందు చేదుకోవాల, మా ఇంట్లో శ్రాద్ధం ఉండాది. పిల్లీ, ఎవురు వద్దన్నారంట? పిల్లీ, చేద తాడు తెగేట్టుండాది, కండ్లుండే వాళ్ళకి కనపడతాదేమో అడుగు. ఇలా ఏళ్ళు గడుస్తాయి. పిల్లల జ్వరాలు, అల్లుళ్ళ రాకపోకలు, అన్నీ పిల్లికి చెబుతారు. ఒకరోజు పిల్లి చచ్చిపోతుంది. మర్నాడు ఇద్దరూ బావి దగ్గరికి వస్తారు. పెద్దామె బావిలోకి చూస్తూ, “పిల్లి సచ్చిపోయింది” అంటుంది. చిన్నామె, “తెలుసులే” అంటుంది. కథ అక్కడ ఆగిపోతుంది.

అది మా అమ్మ, పిన్నమ్మల సంగతి అని నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ పిల్లిని నేనూ చూశాను. అమ్మ ఎప్పుడో కోడలికి ముక్కలు ముక్కలుగా చెప్పి ఉంటుంది. అమ్మకు ఈ కథ సంగతి తానే చెబుతానని నా భార్య అంది. ఆ లోపల వానలు వచ్చాయి, జ్వరం వచ్చింది.

కాగితాలు జ్వరానికి ముందే అంగడాయనకు ఇచ్చాను. ఇచ్చిన రోజు ఆమె నాతో ఒక మాట అంది. “పేరు చెప్పకముందు నవ్వాల. పేరు చెప్పినాక నవ్వితే అది లెక్కలోకి రాదు.” ఆడమనిషి చెప్పిందని తెలిస్తే అందరూ మెచ్చుకుంటారని, అలాంటి మెప్పు తనకు వద్దని ఆమె ఉద్దేశం. కథ కథలా నిలబడుతుందా లేదా, అదొక్కటే ఆమెకు కావలసింది. మంచం మీద ఉన్నప్పుడు కూడా తన వంతు ఎప్పుడని అడిగేది. ముందు ఇంకొకరిది ఉందని చెప్పేవాణ్ణి.

కర్మ అయ్యాక అంగడాయన మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఈ నెల వంతు ఆమెదే, చదవమంటావా, ఆపమంటావా అని అడిగాడు. చదవమన్నాను. పేరు ముందు చెప్పవద్దన్నాను. చెప్పకపోవడం తన పద్ధతే కదా అని ఆయన అనలేదు. సరేనని వెళ్ళాడు. మా వీధివాళ్ళకు చావు సంగతి తెలుసు కాని, ఆమె కథ చెప్పిందని ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ సాయంత్రం ఎవరూ నోరు విప్పరు. అందరూ తల వంచుకుని వింటారు. అప్పుడది కథ కాదు, పరామర్శ అవుతుంది. నాకున్న భయం అదొక్కటే.

బల్ల గోడకు తగిలాక నేను ఆమె పీట తెచ్చుకుని ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. అమ్మ గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుంది. మొదట అంగడాయన పద్యాలు చదివాడు. వర్షం మీద, ప్రతి చినుకూ ఏదో ఒక మణి. ఎవరో ఒకరు “బాగుంది” అని, ఏది బాగుందని అడిగితే చెప్పలేక నవ్వించాడు. తరువాత కథ మొదలైంది. ఆయన గొంతు నా తలమీద నుంచి వస్తున్నట్టు ప్రతి అక్షరం వినిపించింది. ఇన్నేళ్ళు ఆమెకు ఇలా వినిపించలేదు.

నాలుగు వాక్యాలు కాకముందే నెల్లితోపు నుంచి వచ్చే ఒక పెద్దాయన అడ్డు తగిలాడు. ఆయన నూలుకు నీలిరంగు వేసే పని చేసేవాడు. ఒక్క నెలా తప్పకుండా నడిచి వచ్చేవాడు. వేళ్ళు ఎప్పుడూ గోళ్ళదాకా నీలంగా ఉండేవి.

“ఉండన్నా. నువ్వు చదవతా ఉండావా, నీ అంతట నువ్వు చెప్తా ఉండావా?”

“చదవతా ఉండా మామా.”

“కాయితంలో ‘యాడ’ అని ఉండాదా?”

“ఉండాది.”

“ఏదీ, చూపించు.”

“చూసి ఏం చేస్తావు? నీకు అరవం తప్ప రాదే.”

“ఉండేదీ లేందీ చూసేదానికి అక్షరాలు రావల్నా?”

అందరూ నవ్వారు. పెద్దాయన లేచి కాగితం దగ్గరికి వెళ్ళినట్టుంది. అంగడాయన వేలుపెట్టి ఆ మాట చూపించి ఉంటాడు. మా ఊళ్ళో తెలుగు కాగితం మీద ఉండే మాట వేరు, ఇంట్లో మాట వేరు. కాగితం మీద ఉండేది పెద్దవాళ్ళ తెలుగు. అది అర్థమైనంతవరకు అర్థం చేసుకుని ఊరుకునేవాళ్ళం. వంటింట్లో మాట్లాడే మాట కాగితంలో ఉంటుందని అక్కడున్న ఎవరూ అనుకోలేదు. అందుకే అంగడాయన కాగితం పట్టుకుని సొంతంగా కల్పించి చెబుతున్నాడని వాళ్ళు నమ్మారు. పెద్దాయన చూసి వచ్చి, ఉందని మిగతావాళ్ళకు చెప్పాడు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు.

ఆయన మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చేద తాడు దగ్గర నవ్వారు. శ్రాద్ధం దగ్గర నవ్వారు. ఒకచోట ఎవరో “మా ఇంట్లోనూ ఇదే” అన్నారు, ఇంకొకరు ఆయన్ను గద్దించారు. పేరు చెప్పకముందే నవ్వారు. నేను ఆ పీట మీద కూర్చుని ఆ నవ్వు ఆమె కోసం విన్నాను. పిల్లి పోయే చోటికి వచ్చేసరికి అంగడిలో అలికిడి లేదు.

కథ అయ్యాక ఒక్కొక్కరే చెప్పారు. పిల్లల జ్వరం సంగతి పిల్లికి చెప్పే చోటు ఒకాయనకు పట్టింది. మరొకాయన మొదట్లో పంపకాల సంగతి ఎక్కువైందన్నాడు. నాకూ ఎక్కువైందనే అనిపించింది. ఆమె ఒప్పుకునేది కాదు. చివర పెద్దాయన మాట్లాడాడు.

“అంతా సరే గానీ ముగింపు నేనొప్పను. అన్నేండ్లు పిల్లితో మాట్లాడినోళ్ళు, పిల్లి పోయిన మర్నాడే మాట్లాడేస్తారా? మాట్లాడరు. ఇంకో పిల్లిని తెస్తారు. మా అమ్మా, మా పెద్దమ్మా అయితే అదే చేసుందురు.”

కొందరు ఆయన వైపు, కొందరు కథ వైపు చేరి కాసేపు వాదించుకున్నారు. పిల్లి గురించి అంతమంది పెద్దమనుషులు గొంతులు పెంచి మాట్లాడడం నేను మళ్ళీ వినలేదు. అప్పుడు అంగడాయన, “ఇది చెప్పింది గోడవతల ఇంటి కోడలు” అన్నాడు.

మాటలన్నీ ఆగిపోయాయి. పెద్దాయనకు చావు సంగతి తెలిసినట్టు లేదు. ఎవరో తగ్గు గొంతుతో చెప్పారు. ఆయన “ఎప్పుడు?” అని అడగడం వినిపించింది. తరువాత చెప్పుల చప్పుడు, తలుపు చెక్కలు పెడుతున్న చప్పుడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున పెద్దాయన మా తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. నేను బయటికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఎందుకు వచ్చాడో తెలుసుననుకున్నాను. తెలియక అన్నానని, మనసులో పెట్టుకోవద్దని అంటాడు. అలా అంటే నిన్నటి సాయంత్రం అంతా చేజారిపోతుంది. ఆయన మాట వెనక్కి తీసుకుంటే, మిగతావాళ్ళ నవ్వు కూడా వెనక్కి తీసుకున్నట్టే నాకు అనిపించేది.

ఆయన పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

“మాట వెనక్కి తీసుకుందామనే బయల్దేరినా నాయినా. నెల్లితోపు నించి ఈడికి వచ్చేలోపల బాగా ఆలోచన చేసినా. తీసుకునేదానికి లేదు. ఇంకో పిల్లిని తెస్తారు.”

నాకు నవ్వు వచ్చింది. ఆమె పోయాక అదే మొదటిసారి. ఆమె ఉంటే మీతో పోట్లాడేదన్నాను.

“పోట్లాడనీ. నేను మాత్రం ఊరుకుందునా” అన్నాడు.

అమ్మ ఎప్పుడు వాకిలి దగ్గరికి వచ్చిందో మేం చూడలేదు. తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

“పిల్లి తెల్లది కాదు, బూడిద రంగుది” అంది.

పెద్దాయన తల తిప్పి అమ్మను చూశాడు. ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తిన్నె మీద నుంచి లేచాడు.

“ఇంకో పిల్లిని తేవాలని మా ఇద్దరికీ తోచలా” అంది అమ్మ.

“అయితే ఏం చేసినారక్కా?”

“ఏం చేస్తాం. ఎవురి నీళ్ళు వాళ్ళు చేదుకున్నాం.”

అమ్మే మళ్ళీ అంది. “ఈ పిల్ల నా తోడికోడలి నోట ‘తెలుసులే’ అనిపించింది. అది నిజంగా అనుంటే నేను పలికుందును.” అని లోపలికి పోయింది. పెద్దాయన నీలంగా ఉన్న తన చేతులను చూసుకుని, వచ్చే నెల కలుద్దామని చెప్పి వెళ్ళాడు. ముగింపు సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, ఒప్పుకోనూ లేదు.

కొన్నాళ్ళకు అమ్మ ఆ కథ ఇంకోసారి చదవమని అంగడాయనకు చెప్పమంది. ఒకసారి చదివింది మళ్ళీ చదవడం ఆయన పద్ధతిలో లేదు. అయినా ఒక మధ్యాహ్నం, ఊరంతా తలుపులు వేసుకుని పడుకునే వేళ, అంగడి మూసి, ఒక్కడే ఆ బల్ల మీద కూర్చుని గోడకు చదివాడు. ఇటువైపు పీట మీద అమ్మ. ఆ మధ్యాహ్నం నేను కొట్టులో ఉన్నాను. చదివాడని సాయంత్రం అమ్మ చెబితేనే నాకు తెలిసింది. పిన్నమ్మ అప్పటికే బాహూరులో పోయి చాలా కాలమైంది. అమ్మ కబురు పంపాలన్నా ఎవరూ లేరు.

బల్లను ఆయన మళ్ళీ వీధి వైపుకు జరపలేదు. అది అక్కడే ఉండిపోయింది. పుస్తకాల కట్టలు వెలుతురులోకి వచ్చి, వాటి అట్టలు వెలిసిపోయాయి. ఒకసారి నేను అడిగితే, ఇక్కడ గాలి బాగుందన్నాడు. అక్కడ గాలి లేదని మా ఇద్దరికీ తెలుసు. అంతకు మించి నేను ఆయనకు కృతజ్ఞత చెప్పుకోలేదు. చెప్పి ఉంటే ఆయన ఇబ్బంది పడేవాడు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

వీధిలో ఆడవాళ్ళకు సంగతి తెలిసి, చదివే శనివారం మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఎవరి పీట వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. కురుచికుప్పం నుంచి మా వీధికి ఉప్పుచేపలు తెచ్చే ఒకామె తెలుగు రాకపోయినా వచ్చి కూర్చునేది, పక్కవాళ్ళు చెబితే వినేది. అంగడిలో అందరూ చెప్పడం అయ్యాక, పేరు చెప్పడానికి ముందు, అంగడాయన తల పైకెత్తి సందులోంచి అడిగేవాడు. “ఆవల ఏమన్నా చెప్పేది ఉండాదా?” ఉండేది. కొన్నిసార్లు అదే ఎక్కువసేపు సాగేది. ఆ గది అంత నిండుగా నా భార్య ఉన్నప్పుడు లేదు.

అంగడాయన పోయాడు. నెల్లితోపు పెద్దాయనా, అమ్మా పోయారు. కాగితాలు నా దగ్గర ఉన్నాయి. “యాడ” అన్న మాట పక్కన అంచు మీద నీలం మరక ఒకటి ఉంది. అంగడి కొన్నవాళ్ళు బడిపుస్తకాలు అమ్ముతున్నారు. సున్నం వేయించినప్పుడు వాళ్ళు ఆ సందు మూసేశారు. అడిగే చేశారు, నేను సరేనన్నాను. ఊళ్ళో కవిత్వం, కథలు చదివే సభలు ఇప్పుడూ జరుగుతాయి. నేనూ పోతాను. రాసినవాళ్ళే చదువుతారు, పేరు ముందే చెబుతారు. పేరు దాచి చదివి, విన్నవాళ్ళ మాట అయ్యాక చెప్పడం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.